రేడియేషన్ తరువాత మెదడులో నెక్రోసిస్: ఆపరేషన్ ఎవరికి, ఎప్పుడు?

ప్రొద్దుటూరు నుంచి ఒకరు తమ తండ్రిగారి గురించి అడిగారు. ఆయన వయస్సు 56. నాలుగేళ్ల క్రితం ముక్కు వెనుక, గొంతు పైభాగాన ఉండే నాసోఫారింక్స్‌లో క్యాన్సర్ వచ్చి, కీమోతో పాటు పూర్తి రేడియేషన్ తీసుకున్నారు, క్యాన్సర్ తగ్గింది. ఇప్పుడు కొన్ని నెలలుగా తలనొప్పి, మతిమరుపు, మాట్లాడుతుండగా పేర్లు తట్టకపోవడం, ఎవరికీ రాని కాలిన వాసన తనకు వస్తోందని అనడం మొదలయ్యాయి. రెండుసార్లు ఫిట్స్ కూడా వచ్చాయి. ఎంఆర్‌ఐలో ఎడమ టెంపోరల్ లోబ్‌లో, అంటే ఎడమ కణత లోపలి మెదడు భాగంలో, వలయాకారపు మచ్చ, దాని చుట్టూ వాపు కనిపించాయి. ఒక డాక్టరుగారు క్యాన్సర్ మెదడుకు పాకిందని, వెంటనే ఆపరేషన్ చేయాలని చెప్పారు. మరొకరు ఇది రేడియేషన్ వల్ల వచ్చిన నెక్రోసిస్, అంటే మెదడు కణజాలం చచ్చిపోవడం అని, ఇంజెక్షన్లతో తగ్గవచ్చని అన్నారు. “మా నాయనకు ఆపరేషన్ చేయించాలా, వద్దా? చేయిస్తే జ్ఞాపకశక్తి మళ్లీ వస్తుందా?” అన్నది వారి ప్రశ్న.

కర్నూలులో చాలాకాలం న్యూరోసర్జరీ చేసినవాడిగా నా అభిప్రాయాన్ని ముందే చెబుతాను. ఈ జబ్బులో ఆపరేషన్ చేసేది రెండు కారణాలకే: మెదడు మీద పడుతున్న ఒత్తిడిని తీసివేయడానికి, లేదా ఆ మచ్చ నిజంగా ఏమిటో మరే విధంగానూ తేలనప్పుడు తేల్చుకోవడానికి. పోయిన జ్ఞాపకశక్తిని తెచ్చిపెట్టడానికి ఆపరేషన్ చేయరు. వాపు వల్ల మందగించిన పనితీరు కొంత తిరిగి రావచ్చు కానీ, చచ్చిపోయిన మెదడు కణజాలాన్ని కోసి తీసినంత మాత్రాన అది చేసే పని తిరిగి రాదు. ఈ తేడాను ఇంట్లో అందరూ ముందుగా గ్రహించాలి. లేకపోతే అన్ని విధాలా విజయవంతమైన ఆపరేషన్ తరువాత కూడా, ఖర్చు పెట్టి లాభం లేకపోయిందన్న బాధే మిగులుతుంది.

నాసోఫారింక్స్‌కు సరిగ్గా పైన పుర్రె అడుగుభాగం ఉంటుంది. దానికి రెండు వైపులా టెంపోరల్ లోబ్‌ల కింది అంచులు ఆనుకొని ఉంటాయి. అక్కడి క్యాన్సర్‌ను చంపడానికి సాధారణంగా 66 నుంచి 70 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ కొలమానం) వరకు మోతాదును 33 నుంచి 35 రోజులుగా విడదీసి ఇస్తారు. ఎంత జాగ్రత్తగా ప్లాన్ చేసినా, ముఖ్యంగా గడ్డ పుర్రె ఎముకలోకి చొచ్చుకొని ఉన్నప్పుడు, మెదడు అంచుకు కొంత మోతాదు తగలక తప్పదు. 2010లో ప్రచురితమైన అంతర్జాతీయ మార్గదర్శకాల లెక్క ప్రకారం, రోజుకు 2 గ్రేల చొప్పున మెదడులో ఒక భాగానికి మొత్తం 72 గ్రేలు చేరితే సుమారు 5 శాతం మందిలో, 90 గ్రేలు చేరితే 10 శాతం మందిలో నెక్రోసిస్ రావచ్చు. ఆ దెబ్బ వెంటనే బయటపడదు. నెలలు, ఎక్కువగా సంవత్సరాలు గడిచాక, సన్న రక్తనాళాల లోపలి పొర పాడై, గోడలు మందమై, కొన్ని మూసుకుపోతాయి, కొన్ని కారడం మొదలుపెడతాయి. అనంతపురం చీనీ తోటల్లో పాత డ్రిప్ పైపు పగిలినచోట మట్టి తడిసి బురద అవుతుంది, ఆ పైపు చివరనున్న చెట్టు మాత్రం ఎండిపోతుంది. ఇక్కడ జరిగేదీ అటువంటిదే. కారిన ద్రవం వాపు అవుతుంది, రక్తం అందని భాగం నెక్రోసిస్ అవుతుంది. క్యాన్సర్ తగ్గిన నాలుగేళ్లకు మీ నాన్నగారికి ఇవి రావడం, ఈ లెక్కన, ఆశ్చర్యపడవలసిన విషయం కాదు.

ఇక్కడ మరొక మాట చెప్పాలి. మన ప్రాంతంలో గుట్కా, ఖైనీ, బీడీల వల్ల వచ్చే నోటి క్యాన్సర్లే ఎక్కువ. దవడకో నాలుకకో రేడియేషన్ తీసుకున్నవారు ఇది చదివి భయపడనక్కరలేదు. సాధారణంగా ఆ కిరణాల దారిలో మెదడు ఉండదు. ఈ ప్రమాదం ప్రధానంగా నాసోఫారింక్స్, ముక్కు చుట్టూ ఉండే సైనస్‌లు, పుర్రె అడుగుభాగం వరకు పాకిన గడ్డలు ఉన్నవారికి, అదేచోట రెండోసారి రేడియేషన్ తీసుకోవలసి వచ్చినవారికి.

ఇక ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా చెప్పడం గురించి. కాంట్రాస్ట్ ఇచ్చి తీసిన ఎంఆర్‌ఐలో నెక్రోసిస్, క్యాన్సర్ రెండూ వలయంలాగే వెలుగుతాయి కనుక, ఒక్క ఫిల్ము చూసి ఎవరైనా పొరబడవచ్చు. అయితే నాసోఫారింక్స్ క్యాన్సర్ రక్తం ద్వారా పాకితే ఎక్కువగా ఎముకలకు, ఊపిరితిత్తులకు, కాలేయానికి వెళుతుంది; మెదడు మధ్యలో విడిగా మొలకెత్తడం అరుదు. మెదడులోకి వస్తే పుర్రె ఎముకను తొలుచుకొని కింది నుంచే వస్తుంది, ఆ దారి ఎంఆర్‌ఐలో కనిపిస్తుంది. నెక్రోసిస్ అయితే, ఎక్కువ రేడియేషన్ పడిన చోటనే ఉంటుంది. కాబట్టి అన్నిటికంటే ముందు మీరు చేయవలసిన పని, రేడియేషన్ ఇచ్చిన ఆసుపత్రికి వెళ్లి డిశ్చార్జి సమ్మరీతో పాటు చికిత్స ప్లాన్‌ను, అందులో టెంపోరల్ లోబ్‌లకు ఎంత మోతాదు చేరిందో చూపే పేజీని అడిగి తెచ్చుకోవడం. రేడియేషన్ ఆంకాలజిస్టు ఆ ప్లాన్‌ను ఇప్పటి ఎంఆర్‌ఐ పక్కన పెట్టి చూస్తే, చాలామంది విషయంలో సగం సందేహం అక్కడే తీరుతుంది. మిగిలిన సగానికి పర్ఫ్యూజన్ ఎంఆర్‌ఐ, మచ్చలోని రసాయనాలను చూపే స్పెక్ట్రోస్కోపీ, అవసరమైతే పెట్ స్కాన్ ఉన్నాయి. పర్ఫ్యూజన్‌లో ఆ మచ్చకు రక్తప్రసరణ తక్కువగా ఉంటే నెక్రోసిస్ వైపు, ఎక్కువగా ఉంటే గడ్డ వైపు మొగ్గుతాము. ఏదీ నూటికి నూరుపాళ్లు ఖచ్చితమైన పరీక్ష కాదు; అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల తరువాత మళ్లీ తీసిన ఎంఆర్‌ఐ కొన్నిసార్లు వీటన్నిటికంటే ఎక్కువ చెబుతుంది.

మన దేశంలో ఇంకొక చిక్కు ఉంది. మెదడులో వలయాకారపు మచ్చ కనిపించి, ఫిట్స్ వచ్చిన మనిషిని చూడగానే క్షయగడ్డ, లేదా నాడాపురుగు (టేప్‌వార్మ్) తిత్తి అనుకోవడం మనకు అలవాటు. అది తప్పు అలవాటు కూడా కాదు, అవి నిజంగానే ఇక్కడ ఎక్కువ. కానీ మెడకూ తలకూ రేడియేషన్ తీసుకున్న చరిత్ర చెప్పకుండా ఎంఆర్‌ఐ ఒక్కటే చూపిస్తే, నెలల తరబడి టీబీ మందులు వాడవలసి రావచ్చు. అందుచేత ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా మొదటి వాక్యంలోనే రేడియేషన్ సంగతి చెప్పండి. దీనికి రెండో పక్క కూడా ఉంది: స్టెరాయిడ్లు మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే తీసి, పాత క్షయ లేదని చూసుకోవడం మంచిది, ఎందుకంటే అణగి ఉన్న క్షయ స్టెరాయిడ్ల వల్ల తిరగబెట్టవచ్చు. మతిమరుపు, మందకొడితనం ఉన్నవారికి థైరాయిడ్ పరీక్ష కూడా తప్పక చేయించాలి. మెడకు రేడియేషన్ పడినవారిలో థైరాయిడ్ తగ్గడం చాలా మామూలు. చిన్న మాత్రతో సరిదిద్దగలిగే ఆ లోపాన్ని మెదడు దెబ్బ ఖాతాలో రాసి వదిలేయకూడదు.

నెక్రోసిస్ అని తేలితే మొదట వాడేవి మందులే. డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ వాపును త్వరగా తగ్గిస్తుంది, తలనొప్పి రెండు మూడు రోజుల్లోనే తేలికపడుతుంది. అయితే దాని మీదే నెలల తరబడి నెట్టుకురావడం నాకు నచ్చదు. షుగర్ పెరుగుతుంది, తొడ కండరాలు బలహీనపడి కింద కూర్చున్న మనిషి లేవలేకపోతాడు, నోట్లో ఫంగస్ వస్తుంది. అలాగని ఇంట్లోవాళ్లే ఒక్కసారిగా ఆపివేస్తే ప్రాణానికే ముప్పు. డాక్టరు చెప్పిన పద్ధతిలో మెల్లగా తగ్గించాలి. ఫిట్స్‌కు ఫెనిటాయిన్ వాడుతుంటే అది శరీరంలో డెక్సామెథసోన్‌ను త్వరగా ఖర్చు చేసి దాని బలం తగ్గిస్తుందన్న సంగతి కూడా గుర్తుచేయండి. లెవెటిరాసెటామ్ అనే మరో ఫిట్స్ మందుతో ఆ ఇబ్బంది లేదు.

రెండో డాక్టరుగారు చెప్పిన ఇంజెక్షన్ బెవాసిజుమాబ్ అయి ఉండాలి. కారుతున్న రక్తనాళాలను బిగించే మందు అది. 2011లో వెలువడిన ఒక చిన్న అధ్యయనంలో 14 మంది మాత్రమే ఉన్నారు, కానీ అందులో మందు తీసుకున్న ప్రతి ఒక్కరికీ వాపు తగ్గింది, ఉత్తుత్తి ఇంజెక్షన్ తీసుకున్నవారిలో ఒక్కరికీ తగ్గలేదు. తరువాత చైనాలో, మీ నాన్నగారిలాగే నాసోఫారింక్స్ క్యాన్సర్‌కు రేడియేషన్ తీసుకొని నెక్రోసిస్ వచ్చిన 112 మందితో జరిపి 2018లో ప్రచురించిన అధ్యయనంలో, బెవాసిజుమాబ్ తీసుకున్నవారిలో 65.5 శాతం మందికి, స్టెరాయిడ్ తీసుకున్నవారిలో 31.5 శాతం మందికి ఎంఆర్‌ఐలో మెరుగుదల కనిపించింది. ఆపిన తరువాత కొందరిలో వాపు తిరిగి వస్తుంది. అయినా మొదట ప్రయత్నించదగిన మందు ఇదేనని నా నమ్మకం. బీపీ పెరగడం, మూత్రంలో ప్రోటీన్ పోవడం, రక్తస్రావం, రక్తం గడ్డకట్టడం దీని ప్రధాన దుష్ఫలితాలు. ఆ మచ్చలో ఇప్పటికే రక్తం చిందిన ఆనవాళ్లు ఉన్నా, ముక్కు వెనుక మానని పుండు ఉండి అప్పుడప్పుడు రక్తం పడుతున్నా, ఈ ఇంజెక్షన్ జోలికి తొందరపడి పోకూడదు. దీని అసలు ధరకు భయపడినవారు కూడా, మన దేశపు కంపెనీల బయోసిమిలర్లు, అంటే దానికి దాదాపు సమానమైన మందులు, వచ్చాక, వాడగలుగుతున్నారు. హైపర్‌బారిక్ ఆక్సిజన్, అంటే ఎక్కువ పీడనం ఉన్న గదిలో ఆక్సిజన్ పీల్చడం, గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు. కొందరికి ఉపయోగపడినా దాని ఆధారాలు బలహీనం, వారాల తరబడి రోజూ వెళ్లి కూర్చోవాలి, కడప నుంచి అది ఆచరణలో కష్టం.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వస్తాను. స్టెరాయిడ్, బెవాసిజుమాబ్ వాడినా వాపు పెరుగుతూ మెదడు మధ్యరేఖ పక్కకు జరుగుతుంటే, నెక్రోసిస్ మధ్యలో నీటితిత్తి ఏర్పడి అది పెద్దదవుతుంటే, మచ్చలోపల రక్తస్రావం జరిగితే, లేదా చీము పట్టిందన్న అనుమానం ఉంటే ఆపరేషన్ చేయవలసిందే. మందులకు లొంగకపోగా, అన్ని స్కాన్‌ల తరువాత కూడా క్యాన్సరా కాదా అన్నది తేలకపోతే అప్పుడూ చేయవచ్చు. ఆపరేషన్ గురించి మనకున్న సమాచారం చాలావరకు ఆయా ఆసుపత్రులు తమ రోగుల రికార్డులను వెనక్కి తిరగేసి రాసిన నివేదికలే. బెవాసిజుమాబ్‌కు ఉన్నపాటి ఆధారం దానికి లేదు. కాబట్టి మచ్చ ఎన్ని సెంటీమీటర్లు ఉందన్న ఒక్క అంకె చూసి కోతకు సిద్ధపడకండి. పెద్ద మచ్చతో నెమ్మదిగా కుదురుకున్నవారున్నారు, చిన్న తిత్తి ఒత్తిడికే స్పృహ తప్పినవారున్నారు.

ఆపరేషన్ అంటే కణత దగ్గర పుర్రె ఎముకను పలకలా తెరిచి, చచ్చిన కణజాలాన్ని, దాని చుట్టూ కారుతున్న పొరను తీసివేయడం. ఆ కారే భాగం పోగానే చుట్టుపక్కల వాపు కొన్ని వారాల్లో అణగిపోతుంది. మందులతో ఎంతకూ మానని తలనొప్పి తగ్గడం, స్టెరాయిడ్ ఆపగలగడం ఆపరేషన్ చేసిన మేలులో ముఖ్యమైనవి. తిత్తి మాత్రమే సమస్య అయితే అంత పెద్ద కోత అక్కరలేదు: లోపలికి సన్నని గొట్టం వేసి, చర్మం కింద ఓమాయా రిజర్వాయర్ అనే చిన్న బుడిపెను అమర్చి, అవసరమైనప్పుడల్లా సూదితో నీరు తీయవచ్చు. వయస్సు మీరినవారికి, గుండెజబ్బు ఉన్నవారికి నేను దీనివైపే మొగ్గుతాను.

మీ నాన్నగారి విషయంలో నన్ను ఆలోచింపజేసేవి రెండున్నాయి. మొదటిది, దెబ్బ ఎడమవైపు ఉండడం. కుడిచేతి వాటం ఉన్నవారిలో దాదాపు అందరికీ మాట ఎడమవైపే ఉంటుంది. పేర్లు తట్టడం లేదంటున్నారు కనుక ఆ ప్రాంతం ఇప్పటికే ఇబ్బంది పడుతోంది. అందుకే ఎడమ టెంపోరల్ లోబ్‌లో ముందు కొస నుంచి సుమారు నాలుగు, నాలుగున్నర సెంటీమీటర్లు దాటి వెనక్కి వెళ్లడానికి సర్జన్లు జంకుతారు. అవసరమైతే రోగిని మేలుకొలిపి ఉంచి, మాట్లాడిస్తూ ఆపరేషన్ చేస్తారు. పైవైపు చూపులో ఒక మూల, కుడిపక్కన, కనిపించకుండా పోయే అవకాశం కూడా ఉంది.

రెండోది ఇంతకంటే ముఖ్యం. నాసోఫారింక్స్ నడిమధ్యలో ఉంటుంది కాబట్టి, రేడియేషన్ రెండు టెంపోరల్ లోబ్‌లకూ తగులుతుంది. ఈ రోజు ఎడమవైపు మచ్చ పెద్దగా కనిపిస్తున్నా, కుడివైపు కూడా చిన్న దెబ్బ ఉందేమో రేడియాలజిస్టును ప్రత్యేకంగా అడగండి. కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోక్యాంపస్ రెండువైపులా ఉంటుంది. ఒకటి బాగుంటే మనిషి నెట్టుకురాగలడు, రెండూ పోతే నెట్టుకురాలేడు. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి ఫిట్స్ తగ్గించాలని రెండువైపులా ఈ భాగాలను తీసివేస్తే, 2008లో మరణించేవరకు ఆయన కొత్త విషయం దాదాపు దేనినీ గుర్తుంచుకోలేకపోయాడు. ఆ ఘటన తరువాత ప్రపంచంలో ఏ సర్జనూ రెండో వైపు సంగతి చూసుకోకుండా మొదటి వైపు చేయి పెట్టడు. కాబట్టి ఆపరేషన్‌కు ముందు జ్ఞాపకం, మాట వంటివాటిని కొలిచే న్యూరోసైకాలజీ పరీక్ష చేయించమని కోరండి. అంతవరకు ఇంట్లో మీరే గమనించదగినవి ఉన్నాయి. ఉదయం ఉగ్గాని, బజ్జీ తిన్న మనిషిని పదకొండు గంటలకు ఏమి తిన్నారని అడగండి. తినలేదంటే అది జ్ఞాపకం సమస్య. తిన్నట్టు గుర్తుండి, “అదే, బొరుగులతో చేస్తారే” అని చుట్టూ తిరిగి చెప్పి పేరు చెప్పలేకపోతే అది మాట సమస్య. ఈ రెండూ వేరు వేరు భాగాల దెబ్బలు. తేదీ వేసి రాసి తీసుకెళితే సర్జన్‌కు చాలా ఉపయోగం.

మత్తు విషయం సాధారణంగా ఎవరూ ముందుగా అడగరు, కానీ తల, మెడ క్యాన్సర్ రోగులకు అది ఆపరేషన్ అంత పెద్ద విషయం. రేడియేషన్ తరువాత దవడ కండరాలు బిగుసుకుపోయి నోరు పూర్తిగా తెరుచుకోదు. మామూలు మనిషి తన మూడు వేళ్లను నిలువుగా పళ్ల మధ్య పెట్టుకోగలడు. మీ నాన్నగారికి ఎన్ని వేళ్లు పడతాయో చూడండి. ఒకటిన్నర వేలే పడుతుంటే, నోటి ద్వారా గొట్టం వేయడం కుదరక, ముక్కులోంచి సన్నని కెమెరా సాయంతో వేయాలి. అదీ కుదరకపోతే గొంతు దగ్గర రంధ్రం చేయాలి. ఈ సదుపాయం, చేసే చేయి రెండూ ఉన్న ఆసుపత్రిలోనే ఆపరేషన్ పెట్టుకోవాలి. ఇంకొక విషయం: టెంపోరల్ లోబ్‌కు దారి కణత కండరం గుండానే పోతుంది. అదే కండరం దవడను కదిలిస్తుంది. కనుక ఆపరేషన్ తరువాత నోరు ఇంకా బిగుసుకోవచ్చు. కుట్లు మానగానే నోటి వ్యాయామాలు మొదలుపెట్టాలి. రేడియేషన్ పడిన చర్మం, ఎముక ఆలస్యంగా మానుతాయి, ఇన్ఫెక్షన్ భయం ఎక్కువ, మెదడు చుట్టూ ఉండే నీరు ముక్కులోంచి కారే అవకాశమూ ఉంది. బెవాసిజుమాబ్ గాయం మాననివ్వదు కాబట్టి, ఆఖరి ఇంజెక్షన్‌కూ ఆపరేషన్‌కూ మధ్య కనీసం 28 రోజులు ఎడం ఉండాలి. అందువల్లనే, వారం రోజుల్లో ఆపరేషన్ తప్పదనిపిస్తున్న రోగికి ఈలోగా ఒక ఇంజెక్షన్ వేసి చూద్దామనడం సరికాదు.

తీసిన ముక్కను పాథాలజీకి పంపారో లేదో అడిగి, రిపోర్టు చేతికి తీసుకోండి. నెక్రోసిస్ అని చెప్పినంతలో సరిపోదు, అందులో ఎక్కడైనా క్యాన్సర్ కణాలున్నాయా అన్నది స్పష్టంగా రాసి ఉండాలి. ఆపరేషన్ బాగా జరిగినా ఫిట్స్ మందు మానకూడదు, నాన్నగారిని బండి నడపనివ్వకూడదు. రెండోవైపు కొత్తగా మచ్చ రావచ్చు కాబట్టి ఎంఆర్‌ఐలు క్రమం తప్పకుండా కొనసాగుతాయి.

మీరు రాసినదాన్ని బట్టి, స్పృహ బాగుండి, నడక బాగుండి, వాంతులు లేకపోతే, మీ నాన్నగారికి ఈ వారం ఆపరేషన్ అవసరం లేదని నా అభిప్రాయం. నిర్ధారణ పక్కా చేసుకోవడానికి, మందులు ప్రయత్నించడానికి సమయం ఉంది. రేడియేషన్ ఆంకాలజిస్టు, న్యూరోసర్జన్ ఒకేచోట కూర్చొని చూసే ఆసుపత్రిని ఎంచుకోండి. తిరుపతి స్విమ్స్, కర్నూలు ప్రభుత్వ సర్వజన వైద్యశాల, హైదరాబాద్ నిమ్స్, బెంగళూరు నిమ్హాన్స్ ఉన్నాయి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏ చికిత్సకు అనుమతి వస్తుందో, ముఖ్యంగా ఈ జబ్బుకు బెవాసిజుమాబ్ వస్తుందో రాదో, చేరకముందే అక్కడి వైద్యమిత్రను అడిగి తెలుసుకోండి.

ఒక్క సందర్భంలో మాత్రం ఈ లెక్కలేవీ పనికిరావు. తెల్లవారుజామున తలనొప్పితో పాటు వాంతులు మొదలై, మనిషి మత్తుగా పడుకొని పిలిస్తే సరిగా పలకకపోతే, ఒక కనుపాప పెద్దదైతే, కుడి చేయి కాలు పడిపోతుంటే, అది గంటలలో తేలే విషయం. అప్పుడు నేరుగా బెంగళూరుకో హైదరాబాద్‌కో కారెక్కించకండి. ముందు దగ్గరలోని పెద్దాసుపత్రిలో, మీకైతే కడపలో, సీటీ తీయించి, మెదడు వాపును తగ్గించే మానిటాల్, స్టెరాయిడ్ పడిన తరువాతనే, వెంట ఆక్సిజన్ ఉన్న అంబులెన్సులో తరలించండి. ఎంఆర్‌ఐ ఫిల్ములతో పాటు సీడీ, రేడియేషన్ ప్లాన్ కాగితాలు ఒకే ఫైలులో ఉంచి, డెక్సామెథసోన్ రోజుకు ఎన్ని మిల్లీగ్రాములు నడుస్తోందో, బెవాసిజుమాబ్ ఆఖరి ఇంజెక్షన్ ఏ తేదీన పడిందో, నోరు ఎన్ని వేళ్లు తెరుచుకుంటోందో ఒక కాగితం మీద రాసి ఆ ఫైలు పైనే పెట్టండి. అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న మత్తు డాక్టరు మొదట అడిగేవి అవే.